జాషువా సారు పది పేపర్లు

నంద్యాలలో మా డిగ్రీ కాలేజీ ఏ వీధిలో ఉందో చెప్పను. చెబితే, రిటైరైన తర్వాత కూడా నన్ను పాత పనికే పిలిచి ఒక కుర్చీ వేసి రోజుకు రెండు టీలు పోస్తున్నవాళ్లకు కోపం వస్తుంది. ముప్పై నాలుగేళ్లు అటెండరుగా గంట కొట్టాను, పేపర్ల కట్టలు మోశాను. నేను చదివింది మిడుతూరు పక్కన పల్లెలో ఐదో తరగతి వరకే. అయినా ఫలితాలు వచ్చిన మరునాడు ఏ లెక్చరరు ఏం చేస్తాడో ప్రిన్సిపాల్ కంటే నేనే బాగా చెప్పగలను.

మార్కులు తక్కువ పడ్డాయని పిల్లలు రావడం ప్రతి సెమిస్టరుకూ ఉన్నదే. వచ్చినవాళ్లను వెనక్కి పంపడంలోనే ఒక్కొక్కరిది ఒక్కో విద్య. లెక్కలు చెప్పే ప్రేమ్ సాగర్ సారు, పిల్లవాడు నోరు తెరిచేలోపలే బోర్డు మీద ఒక లెక్క వేస్తాడు. "ఇది చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం" అంటాడు. ఏడెనిమిదేళ్ల కిందట అలా మొదలుపెట్టినవాడు ఒకడు ఇంకా ఆ లెక్క చేస్తూనే ఉన్నాడని, ఆ గదిలోనే పెళ్లి చేసుకున్నాడని, ఇద్దరు పిల్లలని చెప్పుకుంటారు. పిల్లలను మాత్రం నేను చూడలేదు.

ఇంగ్లీషు జయలక్ష్మి మేడం ఫిర్యాదును ఇంగ్లీషులో రాసి తెమ్మంటుంది. తెస్తే దాన్ని ఎర్ర పెన్నుతో దిద్ది, కింద పదికి నాలుగు వేసి ఇస్తుంది. ఒకడు ఆ నాలుగు మార్కుల మీద కూడా ఫిర్యాదు రాశాడు. దానికి మూడు వచ్చాయి.

హిస్టరీ సారు ఒకాయన ఉండేవాడు, ఇప్పుడు లేడులెండి. ఫలితాల రోజున సెలవు పెట్టి శ్రీశైలం పోయేవాడు. ఒక ఏడాది పిల్లలు కూడా అదే బస్సెక్కారు. ఆయన దర్శనం క్యూలో దూరాడు. బయటికొస్తే పిల్లలు కనబడుతున్నారని మళ్లీ దూరాడు. పన్నెండోసారి అర్చకుడే గుర్తుపట్టి, "ఏం కష్టమొచ్చింది నాయనా?" అని అడిగాడట. "సెమిస్టరు ఫలితాలు స్వామీ" అన్నాడట ఈయన.

వీళ్లందరిలో ఎవరినీ వెనక్కి పంపనివాడు కెమిస్ట్రీ జాషువా సారు ఒక్కడే. ఆయనది ఆళ్లగడ్డ. పొద్దున ఏడున్నర బస్సుకు బయలుదేరి వస్తాడు, సాయంత్రం ఐదున్నర బస్సుకు పోతాడు. మార్కులు తక్కువని ఎవరు వచ్చినా "కూర్చో" అంటాడు. ఆ క్లాసు కట్టలోంచి తొమ్మిది పేపర్లు తీస్తాడు. వచ్చినవాడిది పదోదిగా కలుపుతాడు. పేరు, నంబరు, గళ్లలో వేసిన మార్కులు అన్నీ ముందు పేజీలోనే ఉంటాయి కాబట్టి ఆ పేజీని మడిచి పిన్ను కొడతాడు. లోపలి పేజీల్లో ఆయన ఒక టిక్కు కూడా పెట్టడు. తను రాసిపెట్టుకున్న జవాబుల కీ, ఒక పెన్ను, ఒక తెల్ల కాగితం పిల్లవాడి ముందు పెడతాడు.

"పదీ దిద్దు. పేర్లు చూడొద్దు. నువ్వేసిన మార్కులే నేను రాస్తా, పదింటికీ."

అంతే ఆయన మాట. ఇరవై రెండేళ్లలో ఒక్కరు కూడా తమ మార్కులు పెంచుకోలేదు. తొమ్మిది మంది రాత చదివేసరికి ఎవడి రాత ఎంతో వాడికే తెలిసిపోయేది. సాయంత్రానికి "సారీ సార్" అని లేచిపోయేవారు. హరీష్ అని ఒకడు తనకు తానే నాలుగు తగ్గించుకుని, ఆ నాలుగూ మెమోలో కోసేస్తే తప్ప గేటు దాటనని మొండికేశాడు. వాణ్ణి బస్సెక్కించడానికి నేనొక చెయ్యి, వాచ్‌మన్ ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

పోయినేడు మే నెలలో ఒక శనివారం వినీత వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గర పల్లె పిల్ల. చివరి సెమిస్టరు రాసింది. వెంట వాళ్లవ్వ సుబ్బలక్ష్మమ్మ. ఆమె కంటి ఆసుపత్రి పని మీద నంద్యాలకు వచ్చి, మనవరాలితో పాటు కాలేజీలోకి నడిచింది. బెలుం గుహల దారిలో ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో వినీతకు ల్యాబు కెమిస్టుగా ఉద్యోగం ఖాయమైంది. ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. ఎనలిటికల్ కెమిస్ట్రీ పేపర్లో అరవై మార్కులున్న మెమో సోమవారం పొద్దునకల్లా చూపించాలి. చూపించకపోతే వెయిటింగ్ లిస్టులో తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆ పిల్లకు వచ్చింది యాభై ఏడు.

"ఎక్కడ తగ్గినాయో తెలుసుకుందామని వచ్చినా సార్" అంది వినీత.

"కూర్చో" అన్నాడు జాషువా సారు.

అప్పటికి పొద్దున పది దాటింది. సారు "పుల్లయ్యా" అని పిలిస్తే నేను కట్ట తెచ్చిచ్చి, సుబ్బలక్ష్మమ్మను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. చెప్పులు విడిచి కాళ్లు బెంచీ మీద పెట్టుకుంది.

"ఏం పుల్లయ్యా, ఈడ మార్కులు తూకమేసి ఇస్తారా, శేరుతో కొలిచి ఇస్తారా?"

"గీకి గీకి ఇస్తారక్కా."

"మూడు మార్కులంటే ఏమాత్రముంటాయప్పా? నా చిటికెన వేలంత ఉంటాయా?"

"నీ మనవరాలి ఉద్యోగమంత ఉంటాయి."

ఆమె నన్నొకసారి పైనుంచి కిందికి చూసింది. "నువ్వు బో మాటకారివి. మీ సారోళ్లు నీకే మార్కులేసింటే బాగుండు" అంది.

"పన్నెండుకు నీకు కంటి చీటీ ఉందంట కదక్కా, పొయ్యిరా. నేను చూసుకుంటా."

"కన్ను యాడికి పోతాది, మొకంలోనే ఉంటాది. ఈడ పిల్ల లోపలుంది."

పన్నెండు గంటలప్పుడు నేను నీళ్లు తీసుకుని లోపలికి వెళ్లాను. జాషువా సారు కిటికీ పక్క బల్ల దగ్గర ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకాలు పెడుతున్నాడు. వినీత నాలుగో పేపరు మీద ఉంది. పెన్ను పైకెత్తి పట్టుకుని, దించకుండా అలాగే కూర్చుంది. కీ చూస్తోంది, పేపరు చూస్తోంది. కాగితం వెనక్కి తిప్పి ఏదో లెక్క వేసింది. తర్వాత మొదటి మూడు పేపర్లూ మళ్లీ తిరగేసింది. మిగిలిన వాటిలో కూడా ఒక్కటే పేజీ వెతికి చూసింది.

"సార్, ఒక అనుమానం."

"చెప్పు."

"ఇప్పుడు దిద్దితే, ముందు మీరేసినదానికంటే ఎవరికన్నా తక్కువొస్తే?"

"తగ్గించి రాయి. పదింటికీ ఒకటే కొలత."

"దాంతో ఎవరన్నా తప్పితే సార్?"

"తప్పుతారు" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

"సరే సార్" అని ఆ పిల్ల వేసిన లెక్కను అడ్డంగా కొట్టేసింది. తర్వాత చకచకా దిద్దడం మొదలుపెట్టింది.

ఒంటిగంటకు భోజనానికి బయటికి వచ్చింది. సుబ్బలక్ష్మమ్మ డబ్బా విప్పి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టింది. పిల్ల తినలేదు.

"ఏందిమే, సారు తిట్టినాడా?"

"లేదవ్వా. నా మార్కులు నాకు సరిగ్గానే వేసినాడులే. పోదాం."

"సరిగ్గా వేస్తే ఇంతసేపు ఏం చేస్తాండావ్ లోపల, ముగ్గులేస్తాండావా? నిజం చెప్పు."

వినీత చుట్టూ చూసింది. అక్కడ ఉన్నది నేనొక్కణ్నే. అటెండరు ఉన్నాడంటే ఎవరూ లేనట్టే లెక్క కాబట్టి చెప్పింది.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. నీళ్లలో సున్నం ఎంతుందో కట్టే లెక్క ఒకటి ఆ పేపర్లో వచ్చింది, ఐదు మార్కులకు. మా ల్యాబులో ఆ ప్రయోగానికి ఎప్పుడూ వంద మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుంటారు. ఇరవై రెండేళ్లుగా అదే సీసా, అదే గీత. ఈసారి ప్రశ్నాపత్రం తయారుచేసింది బయటి కాలేజీ ఆయన. ఆయన యాభై మిల్లీలీటర్లని ఇచ్చాడు. నీళ్లు సగమైతే జవాబు రెట్టింపు కావాలి. ప్రశ్న చదివి చేసినవాళ్లకు రెండు వందల నలభై వచ్చింది. చదవకుండా ల్యాబు అలవాటుతో చేసినవాళ్లకు నూట ఇరవై వచ్చింది. జాషువా సారు కీలో కూడా నూట ఇరవయ్యే ఉంది. ఆ చేతికి వందే అలవాటు మరి. కాబట్టి తప్పు రాసినవాళ్లకు ఐదుకు ఐదు పడ్డాయి. సరిగ్గా రాసినవాళ్లకు సూత్రానికి రెండే పడ్డాయి. వినీత సరిగ్గా రాసింది. ఆమె మూడు మార్కులు పోయింది అక్కడే.

సుబ్బలక్ష్మమ్మకు సీసాలు, గీతలు అక్కర్లేకపోయాయి. "అయితే తప్పు సారుదే. పొయ్యి చెప్పు."

"చెప్తే నూటిరవై రాసినోళ్లకు మూడు తీసేస్తాడవ్వా. అడిగితే తగ్గించి రాయమన్నాడు. కరుణది నూటిరవై."

"ఏ కరుణ?"

"నా రూములో కరుణే. దానికొచ్చింది నలభై ఒకటి. నలభైకి పాసు."

"పేర్లు మూసిపెట్టినారంటివే, దానిదని నీకెట్ల తెలుసు?"

"మూడేండ్లు ఒకే మంచం మీద కూర్చొని రాసుకున్నాం. దాని రాత నాకు తెలీదా?"

"అది చదవకుండా రాస్తే నువ్వేం చేస్తావ్? నీది నువ్వు చూసుకో."

పిల్ల రొట్టె అంచు తుంచుతూ కూర్చుంది. కాసేపటికి అవ్వే మళ్లీ అంది. "మన చెనిక్కాయలు పీకేటప్పుడు వచ్చి రెండు దినాలు ఉండిపోయిన పిల్లేనా?"

"ఆ."

"పొలంలో పాటలు పాడిండె, ఆ పిల్లేనా?"

"అదే అవ్వా."

సుబ్బలక్ష్మమ్మ డబ్బా మూత పెట్టేసింది. తను కూడా తినలేదు. "మరి సోమవారం వాళ్లకేం చూపిస్తావ్మే, నా మొకమా?"

"చూపిస్తే జడుసుకొని ఉద్యోగమిచ్చేస్తారేమోలే."

ముసలామెకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి నన్ను కోప్పడింది. "ఏందప్పా నువ్వు, ఆడోళ్ల మాటలింటాండావ్?"

వినీత నావైపు తిరిగింది. "తాతా, సారుకు చెప్పొద్దు."

చెప్పనన్నాను. నా నోట్లో నిలవనివి అబద్ధాలే. నిజాలు ఎన్నైనా నిలుస్తాయి.

మూడున్నరకు దిద్దడం అయిపోయింది. అప్పటికి ప్రేమ్ సాగర్ సారు కూడా టీ గ్లాసుతో వచ్చి కుర్చీ లాక్కున్నాడు. జాషువా సారు పిన్నులు విప్పే వేళకు ఆయన తప్పకుండా వస్తాడు. టీవీలో క్రికెట్టు ఉన్నా సరే వస్తాడు. జాషువా సారు ఒక్కొక్క పేపరు విప్పి, తను వేసిన మార్కులు, వినీత వేసిన మార్కులు పక్కపక్కన చదివాడు. ఎక్కడా ఒకటి, ఒకటిన్నర కంటే తేడా లేదు. తన పేపరుకు ఆ పిల్ల వేసుకున్నది సరిగ్గా యాభై ఏడు.

"నీ కొలువులో ఇదొక్కటి మారదు కదప్పా" అన్నాడు ప్రేమ్ సాగర్.

జాషువా సారు ముఖంలో కొంచెం తృప్తి కనబడింది. ఈ సమయంలో పిల్లలు "సారీ సార్" అంటారు. వినీత అనలేదు. "వస్తా సార్" అని బ్యాగు తీసుకుంది. ఆయన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టబోయి, మడుస్తుండగా వెనక వైపు చూశాడు. కొట్టేసిన లెక్క అక్కడ ఉంది.

మొదట నిలబడే చూశాడు. తర్వాత కూర్చుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. సొరుగులోంచి ప్రశ్నాపత్రం తీశాడు. కీ తీశాడు. ఒక వేలు దీని మీద, ఒక వేలు దాని మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. ప్రేమ్ సాగర్ టీ తాగడం ఆపాడు. ఎంతసేపు అలా ఉన్నారంటే, కిటికీ మీది పావురం ఈ గదిలో మనుషులు లేరనుకుని లోపలికి వచ్చి, బల్ల మీద నడిచి, రికార్డుల లెక్క చూసుకుని పోయింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు జాషువా సారు.

"నాలుగో పేపరు కాడ సార్."

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగినా సార్. తగ్గించమన్నారు."

"ఎవరు తప్పుతారు దీంట్లో?"

"పేర్లు చూడొద్దన్నారు కదా సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు. అవి తుడవాల్సినంతగా మాసిలేవు. ప్రేమ్ సాగర్ కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "జాషువా, ఊరికే పెద్దది చేసుకోవద్దు. ఈ పిల్ల పేపరు ఒక్కటి సరిచెయ్యి, అరవై అయితాది. ఒక్క పేపరుకు ప్రిన్సిపాల్ ఇప్పుడే సంతకం పెడతాడు. కట్టంతా కదిలిస్తే పరీక్షల కమిటీకి పోతాది. నీ పేరు మినిట్స్‌లోకి ఎక్కుతాది."

"మిగతావాళ్ల సంగతి?"

"వాళ్లెవరూ అడగడానికి రాలేదు కదప్పా."

జాషువా సారు తెల్ల కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. రాసి చింపాడు. మళ్లీ రాసి మళ్లీ చింపాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన ముందు తప్పు ఒప్పుకున్న పిల్లల సంఖ్య ఎంతుంటుందో గానీ, ఒప్పుకోవడం ఎలా రాయాలో ఆయనకు ఎవరూ నేర్పినట్టు లేదు. మూడోసారి అర పేజీ వచ్చింది. దాన్ని నా చేతికిచ్చాడు.

"పుల్లయ్యా, ఇన్‌వర్డ్‌లో ఎక్కించి నంబరు వేసుకొని రా. తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి పోదాం."

మా కాలేజీలో పద్ధతి దీనికి తలకిందులు. కాగితం ముందు ప్రిన్సిపాల్ బల్ల మీదికి పోతుంది. ఆయనకు నచ్చితే ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు పడుతుంది. నచ్చకపోతే ఆ కాగితం పుట్టనట్టే. ఆ రోజు క్లర్కు సెలవులో ఉన్నాడు, ముద్ర నా సొరుగులో ఉంది. వేసేశాను. రెండు వందల పదిహేడో నంబరు. ఐదో తరగతి చదువుకు అంకెలు బాగానే వస్తాయి.

ప్రిన్సిపాల్ కాగితం చదివి, ముందు ముద్ర చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"ఏందయ్యా జాషువా, ముందు నాకొక మాట చెప్పకూడదా?"

"చెప్తే నంబరు పడదు సార్."

ప్రిన్సిపాల్ కాగితం బల్ల మీద పెట్టాడు. "నలభై ఏడు పేపర్లు మళ్లీ దిద్దాల. కమిటీ కూర్చోవాలంటే మూడు వారాలు పడతాది. నిన్ను ఒకటి రెండేండ్లు వాల్యుయేషన్ నుంచి తీసేస్తారు, తెలుసు కదా?"

"తెలుసు సార్."

"మరి నూటిరవై రాసినోళ్లకు తీసెయ్యాల కదా? వాళ్లు వాళ్ల తల్లిదండ్రులను పిలుచుకొని నా మీదికొస్తారు."

"వాళ్లవి తీయొద్దని రాసినాను చూడండి. వాళ్లు నా ల్యాబును నమ్మి రాసినారు."

"అట్లయితే రెండు జవాబులూ కరెక్టని రాయి, గొడవుండదు."

"రెండూ కరెక్టు కాదు సార్. ఒకటి కరెక్టు, ఒకటి నా తప్పు. రెండిటికీ మార్కులు ఇమ్మంటాండా."

ప్రిన్సిపాల్ నుదురు రుద్దుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు ఏ ప్రిన్సిపాలూ మంచివాడుగా ఉండలేడు, అంతే. "అన్నీ కమిటీకి పోయేటప్పుడు ఈ పిల్లది కూడా దాంతోనే పోనీ. ఒక్కదానికి ముందుగా ఎందుకు?"

"సోమవారం ఉద్యోగం పోతాది సార్. ఈ పిల్ల దరఖాస్తు పెట్టుకుంది, పేపరు మళ్లీ చూసినాం, మూడు పెరిగినాయి. ఒక్క పేపరుకు మీ సంతకం చాలు. మిగతావాళ్లకు నా కాగితముంది."

"దరఖాస్తు యాడుంది?"

దరఖాస్తు లేదు. ఇరవై రెండేళ్లుగా జాషువా సారు దగ్గరికి కాగితం పట్టుకొచ్చినవాడు ఎవడూ లేడు, పద్ధతే అది. వినీత అక్కడే గుమ్మం దగ్గర నిలబడి, బ్యాగు గోడకు ఆనించి, నోటుబుక్కులో పేజీ చింపి రాసింది. ఆళ్లగడ్డ పిల్ల కదా, పొడుగు మాటలు లేవు. ఎనలిటికల్ కెమిస్ట్రీ ఆరో ప్రశ్న మళ్లీ చూడమని ఒక్క వాక్యం. దానికి నేను రెండు వందల పద్దెనిమిదో నంబరు వేశాను. ప్రిన్సిపాల్ సంతకం పెట్టాడు.

కంప్యూటరు గదిలో మెమో అచ్చు కావడానికి ఇంకో గంట పట్టింది. కరెంటు పోయింది. వచ్చింది. ప్రింటరు కాగితాన్ని పట్టుకుని వదల్లేదు. సుబ్బలక్ష్మమ్మ దాని పక్కన కూర్చుని, "కాన్పు కష్టమైతాందప్పా దీనికి" అంది. ఐదు గంటల పది నిమిషాలకు అరవై అనే అంకెతో మెమో బయటపడింది. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని, ఆసుపత్రికి పోని కంటితోనే రెండు నిమిషాలు చూసింది.

"దీనికోసమా ఇంత పొద్దు?"

"దీనికోసమే అవ్వా. ఇట్టియ్యి, మడత పడతాది."

ముగ్గురూ ఐదున్నర బస్సుకే వెళ్లారు. జాషువా సారు ఆళ్లగడ్డ దాకా కిటికీలోంచి బయటికే చూశాడట. దిగేటప్పుడు మాత్రం, "ఫ్యాక్టరీ ల్యాబులో చేరినాక, నీళ్లు ఎంత తీసుకోవాలో అక్కడ రాసిందే చూడు, నేను నేర్పింది తలుచుకోవద్దు" అన్నాడట. సోమవారం పదకొండు గంటలకు సుబ్బలక్ష్మమ్మే నాకు ఫోను చేసి చెప్పింది. మెమో చూసిన మనిషి దాన్ని తుమ్మినంతసేపు కూడా చూడకుండా ఫైల్లో పెట్టేశాడని, అంత మాత్రానికి తన కంటి చీటీ పోయిందని తిట్టింది. ఫ్యాక్టరీనా, కాలేజీనా, నన్నా అనేది స్పష్టంగా తెలియలేదు.

కమిటీ జూన్ పదహారున కూర్చుంది. వినీతది కాక ఇంకా ఇరవై ఒక్క మందికి మూడేసి మార్కులు పెరిగాయి. ఎవరికీ తగ్గలేదు. జాషువా సారును ఏడాది పాటు పేపర్లు దిద్దే పని నుంచి తప్పించారు. ఆ ఏడాది ఆయన గదికి మార్కుల కోసం ఎవరూ రానక్కర్లేకపోయింది. ఆయన మూడు గంటలకల్లా పని ముగించి, వరండాలో నా పక్క కుర్చీలో కూర్చుని, ఐదున్నర బస్సు కోసం ఎదురుచూసేవాడు. ప్రేమ్ సాగర్ అటుగా పోతూ, "ఏం సార్, ఖాళీగా ఉండారే" అనేవాడు. "ఉండా" అనేవాడు ఈయన.

జూలైలో కరుణ సర్టిఫికెట్టు కోసం వచ్చింది. వాళ్ల నాయన కొండయ్య బయట మోటార్ సైకిలు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల సంతకం పెట్టి, కవరు తీసుకుని, నోటీసు బోర్డు దగ్గర ఆగింది. కమిటీ నిర్ణయం కాగితం ఇంకా అక్కడే అంటించి ఉంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"తాతా, ఈ ఆరో ప్రశ్న గొడవ ఏంది? మా వినీత ఏం చెప్పలేదే."

"చదువుకున్నోళ్ల సంగతులు నాకేం తెలుసమ్మా" అన్నాను.

జాషువా సారు పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయన న్యూస్ పేపరు చదువుకుంటున్నాడు. కరుణ ఆయనకు నమస్కారం పెట్టింది. ఆయన తల ఊపాడు. ఆ పిల్ల కవరు చున్నీ కింద పెట్టుకుని మెట్లు దిగి, మోటార్ సైకిలెక్కి వెళ్లిపోయింది.